పాలు ముట్టని మూడు పూట్లు

మా బావ లక్ష్మీకాంత్ నాతో పందెం కట్టిన పొద్దుకు వాళ్ళ ఇంట్లో కోడెదూడ పుట్టి పదకొండు దినాలు. జెర్సీ ఆవు. పెయ్యదూడ పుట్టింటే ఊరంతా చెప్పుకోని తిరుగుతుండె. కోడె పుట్టేసరికి మొగం మాడ్చుకున్న్యాడు. జెర్సీ కోడె మడక దున్నేదానికి రాదు, బండికి రాదు, ఉన్నన్ని దినాలు పాలు తాగుతాది. అందుకని బేస్తవారం బ్యారగాడు వస్తాడు, పట్టిచ్చేస్తా అన్న్యాడు. ఆ బ్యారగాడు కోడెదూడల్ని యాడికి తోలుకపోతాడో మీకు నేను చెప్పే పన్లేదు.

"బావా, అమ్మద్దు. నాకియ్యి" అంటి.

"నీకేమిటికప్పా? పాలు తాగవు, పెరుగు తినవు. దూడను పెట్టుకోని పూజ చేస్తావా?"

మా అక్క వసుంధర మొగుడు ఆయన. ఒకటే ఊరు మాది, గాలివీడు పక్క పల్లె. నన్ను ఎగతాళి చెయ్యకపోతే ఆయనకు అన్నం అరగదు.

నేను పాలు ఏమిటికి మాన్న్యానో ముందు చెప్పల్ల. పందెం కట్టేదానికి ఎనిమిది నెలల ముందర మా ఎర్రావుకు దూడ చచ్చిపాయె. ఆవు పాలు చేపల్యా, అంటే పొదుగులోకి పాలు దించల్యా. మా దిక్కు ఇట్లాంటప్పుడు ఏం చేస్తారంటే, చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఎండబెట్టి, దాంట్లో గడ్డి కూరి, కాళ్ళ మాదిరి నాలుగు కట్టెలు పెట్టి ఆవు ముందర నిలబెడతారు. ఆవు దాన్ని నాకతా నాకతా పాలు ఇడుస్తాది. మా నాయన చేసినాడు, వాళ్ళ నాయన చేసినాడు, నేనూ చేసినా. మూడో దినం పొద్దున నేను పిండుతాంటే ఆవు ఆ దూడ చెవి దగ్గర నాకతా ఉండె. నాకీ నాకీ ఆ చెవు ఊడి కింద పడె. లోపలి గడ్డి బయటికొచ్చె. ఆకలిగొన్న ఆవు, ముందర గడ్డి ఉంది, తినల్యా. వాసన చూసి, మళ్ళా చెవు ఉన్న తావునే నాకబట్టె.

నేను చెంబు ఆడనే పెట్టి లేచినా. ఆ పొద్దు నుండి పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి ఏదీ నోట్లో పెట్టల్యా. కోడి, పొట్టేలు, గుడ్డు గూడా ఇడ్సిపెట్టినా. మా బిడ్డ యమున బెంగళూర్లో ఉద్యోగం. ఫోన్‌లో చెప్తే, "నాయనా, నువ్వు వీగన్ అయిపోయినావ్" అని నవ్వె. దానికి ఒక పేరుండాదని నాకు అప్పుడే తెలిసింది.

ఇంగ పందెం మాట. మా బావ బిడ్డ సాయిసుధ పెండ్లి కుదిరింది. హిందూపురంలో, పెనుకొండలో వాళ్ళ బంధువులకు కార్డులియ్యల్ల, ధర్మవరంలో చీరలు తియ్యల్ల. ఒక దినంలో మూడు ఊర్లు.

"నువ్వు నాతో రా" అనె మా బావ. "ఇంట్లో నీ పెండ్లాం నిర్మల వండిపెడతాంటే ఎవురైనా మానుతారు. పరాయి ఊర్లో మాను, చూస్తా. మూడు పూట్లు. సద్దిమూట తేగూడదు. కడుపు మాడ్చుకోని గెలిచినానంటే ఒప్పుకోను, ప్రతి పూటా కడుపు నిండా తినల్ల. పాలబొట్టు ముట్టగూడదు. గెలిస్తే దూడ నీది. ఓడితే బ్యారగాని చేతికి తాడు నువ్వే ఇయ్యల్ల. ఇచ్చినంక నా ఇంట్లో కూచోని కాఫీ తాగల్ల."

"దూడ ప్రాణం మీద పందెమేందయ్యా మీకు, ముసిలోళ్ళవుతాంటే?" అని మా నిర్మల తిట్టె. నాకు వేరే దావ లేదు. సరే అంటి.

మర్సటి దినమే కోడి కూసేటప్పుడు బయల్దేరి, కదిరిలో బస్సు మారి, గోరంట్ల మీద హిందూపురం చేరేసరికి తొమ్మిదిన్నర. నేనెప్పుడూ ఆ ఊరు చూడల్యా. సగం మంది తెలుగు, సగం మంది కన్నడ, కొందరు ఒకటే మాటలో రెండూ. బస్టాండు పక్కనే పెద్ద హోటలు, "ప్యూర్ వెజ్" అని ఆకుపచ్చ బోర్డు. బోర్డు చూసి నాకు పానం లేచొచ్చె.

"ఇడ్లీ ఉందా?" అంటి.

"ఖాళీ సార్. బెణ్ణె దోసె ఉంది, పొంగల్ ఉంది."

"పొంగల్లో నెయ్యి ఉంటాదా?"

"ఉంటాదా ఏంది సార్, తేలతా ఉంటాది!" అనె సప్లయరు గర్వంగా.

"అది వద్దు. వెన్న లేకుండా, నెయ్యి లేకుండా, ఉత్త నూనెతో ఒక దోసె ఏయించు."

ఆయప్ప నన్ను పైనుండి కింద దాకా చూసి పాయె. దోసె వచ్చె. మెరుస్తాండాది. వాసన చూస్తే నెయ్యే. నేను లేచి పొయ్యి కాడికి పోతి. వంటాయన సగం ఎర్రగడ్డను కట్టెకు గుచ్చి, నెయ్యి డబ్బాలో ముంచి పెనం మీద రుద్దుతాండాడు.

"అది నెయ్యి గదన్నా?"

"పెనానికి సార్. దోసెకు కాదు."

"పెనం మీదనే గదా దోసె ఏసేది?"

"పెనానికి రాసిందాన్ని గూడా లెక్కపెడతారా సార్?"

ఎనక మా బావ నవ్వు. నేను చట్నీతోనన్నా సర్దుకుందామని, దాంట్లో ఏముందని అడిగితే, "టెంకాయ, పప్పులు, రొంత పెరుగు. తెల్లగ రావల్ల గదా" అనె. దోసెకు దుడ్డిచ్చి తినకుండా లేచినా. నా దోసె మా బావ తిన్యాడు.

రెండో హోటల్లో ఇడ్లీ ఉండె. నేను చెప్పాల్సిందంతా చెప్తి. పిల్లోనికి చెప్పినట్ల చెప్తి. పాలు వద్దు, పెరుగు వద్దు, నెయ్యి వద్దు. ఆయప్ప అన్నిటికీ తలకాయ ఊపె. ఇడ్లీ తెచ్చె, ముందర పెట్టె, నేను చెయ్యి పెట్టేలోపల చిన్న గిన్నెతో పైన ఏదో పోసె.

"ఏందప్పా అది?"

"నెయ్యి సార్. దుడ్డు ఏసుకోము. మా హోటల్ మర్యాద."

నాకు ఏడుపొచ్చె. వద్దు వద్దని అంత చెప్తే, అది మొహమాటం అనుకున్న్యాడంట. ఆ ఇడ్లీలూ మా బావే తిన్యాడు.

మూడో హోటల్లో ఓనరే వచ్చె. నుదుట బొట్టు, మంచి మనిషి మాదిరి ఉండాడు.

"జైనులా మీరు?"

"కాదు."

"డాక్టరు చెప్పినాడా?"

"లేదు."

"మాల ఏసుకున్న్యారా?"

"లేదన్నా."

"మరి ఏమొచ్చింది మీకు?"

మీరే చెప్పండి, ఈ మాటకు ఏం జవాబు చెప్పల్ల? ఊరు కాని ఊర్లో, పొద్దున పదకొండు గంటలకు, ఆకలి మీద, గల్లా పెట్టె ముందర నిలబడి గడ్డి దూడ కథ చెప్పల్లా? ఆయప్ప నాకు ఉప్మా సిఫారసు చేసె, నెయ్యి "వాసనకే" అని. ఉప్మా గూడా మా బావకే పాయె. నా పందెం పుణ్యాన ఆయన ఒక పొద్దున మూడు టిఫిన్లు తిన్యాడు.

"ఇంగ ఒప్పుకో నారాయణా. కాఫీ చెప్తా, రెండు కప్పులు."

"ఇంగా పూట కాలేదు బావా."

సందులోకి తిరిగితే ఒక బండి. పెద్ద బాండిలిలో ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు. ఉగ్గాని అంటే తెలీనోళ్ళకు చెప్తా, నానబెట్టిన బొరుగులు, అదే మరమరాలు, పిండి, ఎర్రగడ్డ పచ్చిమిరపకాయ తాలింపులో ఏసి, పప్పుల పొడి చల్లుతారు. బండి కాడ ఒకామె. అందరూ చిన్నక్కా అని పిలుస్తాండారు. నేనూ అట్లే పిలిస్తి.

"చిన్నక్కా, దీంట్లో నెయ్యి గానీ, పెరుగు గానీ ఏమన్నా ఉండాదా? ఉండేది చెప్పు."

ఆమె గంటె బాండిలి మీద పెట్టి నన్ను చూసె. "నెయ్యి కొనే దుడ్లుంటే నేను హోటలే పెడుదును గదప్పా!"

ఆ మాట ఇని నాకు ఆ పొద్దుటికి మొదటిసారి నవ్వొచ్చె. రెండు ప్లేట్లు ఉగ్గాని, నాలుగు బజ్జీలు. కారానికి కండ్లల్లో నీళ్ళు. మా బావ నా పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, "సరే, ఒకటి" అనె. కార్డిచ్చిన ఇంట్లో కాఫీ వద్దంటే నిమ్మకాయ నీళ్ళిచ్చిరి. బతికిపోతి.

పెనుకొండలో అంత సులభంగా పోలేదు.

ఆడ మా బావ మేనత్త రామసుబ్బమ్మ ఉంటాది. డెబ్బై దాటినాయి. వాళ్ళ వంశంలో ఏ పెండ్లయినా ఆమె వచ్చి పసుపు దంచితేనే మొదులు. కొండ కింద ఇల్లు. మేం వస్తాండామని పొద్దున నుండి వండి పెట్టుకోని ఉండాది. మేం కార్డు, పసుపు కుంకం ఇచ్చి కూచుంటే, ముందే ఆకులు ఏసేసిరి.

నేను ముందుగానే చెప్తి. "అత్తా, నాకు పాలు, పెరుగు, నెయ్యి పడవు. ఉండే వాటిలో అవి లేనివి పెట్టు చాలు."

"సుగరా నాయనా?"

"కాదత్తా."

"కాశీకి పోయొచ్చినావా?"

మాలో కాశీకి పోయినోళ్ళు ఇష్టమైన తిండి ఒకటి ఆడ గంగలో ఇడ్సిపెట్టి వస్తారు. మా నాయన వంకాయ ఇడ్సిపెట్టె. అట్ల ఇడ్సినారంటే ఇంగ ఎవురూ బలవంతం చెయ్యరు, అడగరు గూడా. మా బావ నా డొక్కలో పొడిచి గుసగుసగా, "ఔనని చెప్పు. పని అయిపోతాది" అనె.

"పోని కాశీకి పోయినానని ఎట్ల చెప్పేది బావా?" అంటి. గట్టిగా అన్న్యానేమో, ఆమెకు ఇనపడె.

"కాశీ గాదు, సుగరు గాదు. మరేంది?"

"మనసుకు తోచిందత్తా."

"మనసుకు తోస్తే సారాయి మానల్ల గానీ నెయ్యి మానేదేంది నాయనా?"

ఆకులో పెట్టిరి. పప్పులో నెయ్యి తాలింపు. చిత్రాన్నంలో జీడిపప్పు నెయ్యిలో ఏంచి కలిపినారు. మజ్జిగపులుసు. సేమ్యా పాయసం. బీన్సు కూరాకులో టెంకాయ ఉండాదని ఆశపడితే, దాంట్లో పాలు పోసినారంట, కమ్మగా ఉంటాదని. పెరుగు గిన్నె తెచ్చి నా పక్కనే పెట్టి ఆమె వాదం పెట్టుకునె.

"పెరుగు పాలెట్లయితాది? తోడు పెట్టినంక పాలు యాడుండాయి దాంట్లో?"

ఆమె అన్నీ పెట్టింది, నేను అన్నీ పక్కకు జరిపినా. పక్కకు జరిపిన కుప్ప అన్నం కుప్ప కంటే పెద్దదాయె. చెనిక్కాయల పొడి ఉంటే ఇయ్యమ్మా, పచ్చినూనె ఇయ్యమ్మా అని అడిగి, పొడీ నూనె కలుపుకోని, మామిడికాయ ఊరగాయ నంజుకోని నాలుగుసార్లు అన్నం పెట్టించుకోని తిన్యా. గొంతులో దిగలేదు. కడుపు నిండల్ల గదా పందెం, నీళ్ళు తాగతా తాగతా దించినా.

రామసుబ్బమ్మ గంటె గిన్నెలో పెట్టేసె.

"మా ఇంట్లో చేసినవన్నీ ఎంగిలాకులో పక్కకు నెట్టి పొడి కలుపుకోని తింటివి. సరే లే. పెండ్లికి మేమూ మా పొడి మేం కట్టుకోని వస్తాం. వస్తే."

ఆ "వస్తే" అనే మాట మా బావ మొగానికి తగిలింది. బయటికొచ్చి చెప్పులేసుకునె. రోడ్డు మీదికి వచ్చినంక లేచె నా మీద.

"నా బిడ్డ పెండ్లప్పా ఇది! నీ దూడ కోసరం మా అత్తను పోగొట్టుకోమంటావా?"

"పందెం కట్టింది నువ్వే గదా బావా."

"కట్టినా. బుద్ధి లేక కట్టినా. రెండు పూట్లు అయినాయి, ఒప్పుకుంటాండా. కానీ ఇను. ధర్మవరంలో గూడా నీ వల్ల ఒక్క మనిషి మొగం మాడినా పందెమూ లేదు, గిందెమూ లేదు. బేస్తవారం దాకా గూడా ఆగను, బ్యారగాన్ని రేపే పిలిపిస్తా."

అంటే ఇప్పుడు నేను పాలు ముట్టగూడదు, ఆకలితో ఉండగూడదు, ఎవురికీ కోపం తెప్పించగూడదు. ఈ మూడూ ఒకటే పూటలో ఎట్ల కుదురుతాయప్పా? ధర్మవరం బస్సులో కిటికీ కాడ కూచోని అదే ఆలోచన. పొడి తిన్న గొంతు మండతానే ఉండె.

ధర్మవరంలో చీరలు తీసేది అంగట్లో కాదు. కుళ్ళాయప్ప అని మగ్గం నేసే ఆయన, మా బావకు పాత పరిచయం. ఇంట్లోనే మగ్గం, ఇంట్లోనే అమ్మేది. చీరలు పరిచినాడు. ఆయనకు మా బావ ముందే నా సంగతి ఫోన్‌లో చెప్పేసుండాడు.

"ఏమన్నా, పాలు మానినావంట, మా చీర ముట్టుకుంటావా మరి?" అనె కుళ్ళాయప్ప నవ్వుతా. "ఒక్కో చీరకు ఎన్ని వేల పట్టుపురుగులు ఉడికిపోయుంటాయో తెలుసా?"

మా బావ తొడ మీద కొట్టుకోని నవ్వె. "అడుగు, బాగా అడుగు!"

నా చెయ్యి చీర మీదనే ఉండె. తీసేసుకుంటి. "నిజమే కుళ్ళాయప్పా. దూడను కండ్లారా చూసినా. పురుగును ఇంతవరకు చూడల్యా" అంటి.

ఆయన నవ్వు తగ్గించె. "చూడద్దులేన్నా. మా పొట్టలుండాయి" అనె.

వాళ్ళు రంగులు చూస్తాంటే నేను ఇప్పుడే వస్తానని బయటపడితి. నా లెక్క ఏందంటే, బయటనే కడుపు నిండా తినేస్తే ఈ ఇంట్లో ఎవురి మొగమూ మాడదు. అయిదు గంటలు. అన్నం హోటళ్ళు ఏడు దాకా తెరవరంట. పరోటా బండి కాడికి పోతి. పిండిలో ఏమేస్తారంటే, "మైదా, నూనె, రొంత పాలు, ఒక గుడ్డు. మెత్తగ రావల్ల గదా." కుష్కా ఉండాది, ముక్కల్లేని బిర్యానీ అన్నం, వెజ్జే అనె. అడిగితే చికెన్ రసంలోనే ఉడికిందంట. "ముక్క లేదు గదా సార్, మరి వెజ్జే గదా!" ఫ్రైడ్ రైస్ కాడ ఒకటే బాండిలి, ఒకటే గంటె, ముందు గుడ్డు ఏసి, తర్వాత నాది. బేకరీలో బన్ను తీసుకుంటే, "పైన వెన్న రాసినాం, మెరుపు కనపడ్లా?" అనె. టీ అంగడి ఆయన అయితే నా మాట మొత్తం ఇని, జాలిపడి, "పోనీ బాదం పాలు తాగుతారా?" అనె.

యమునకు ఫోన్ చేస్తి.

"నాయనా, యాప్‌లో దగ్గరలో వీగన్ అని కొట్టి చూడు."

నడిరోడ్డు మీద నిలబడి కొడితి. బెంగళూరు చూపిచ్చె.

అరటిపండ్లు అడుగడుగునా ఉండాయి. కానీ అరటిపండ్లు తింటే అది కూడు అని మా బావ ఒప్పుకోడు. పందెంలో దూడ లేకపోతే నేను ఆ పొద్దు ఎప్పుడో ఇడ్సిపెట్టేసుందును. కాళ్ళు లాగుతాంటే ఎనక్కి తిరిగి వస్తి.

కుళ్ళాయప్ప ఇంట్లో అప్పటికే పొయ్యి ముట్టించినారు. ఆయన అమ్మ కుళ్ళాయమ్మ, నడుం వంగిన ముసిలామె, వంటింటి గడప కాడికి నన్ను పిలిచె.

"యాడికి పోతివి నాయనా? పెండ్లి చీరలకొచ్చినోళ్ళు కూడు తినకుండా పోతే మగ్గానికి మంచిది కాదు. నువ్వేందో పాలు తాగవంటనే?"

జైనులా అనల్యా. సుగరా అనల్యా. "ఏమాయె?" అనె, అంతే. నేను గడప కాడ కూచోని గడ్డి దూడ కథంతా చెప్తి. చెవు ఊడింది గూడా చెప్తి. ఆమె జొన్నపిండి కలుపుతా కలుపుతా ఆగిపాయె.

"మా పుట్టింట్లో గూడా అట్లే చేస్తాండ్రి" అనె. "నేను చిన్నప్పుడు ఆ గడ్డిదూడతోనే ఆడుకుంటాంటి. సరే, నీకు పాలు పెట్టను, పెరుగు పెట్టను. నువ్వు కూచో."

ఆ పొద్దుకు ఒక మనిషికి నా మాట అర్థమాయె. నాకు ఎంత సంతోషమాయెనో చెప్పలేను.

జొన్నరొట్టెలు. గుత్తొంకాయ కూరాకు. ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ. ఇంగ ఏమీ లేదు. ఆ వంకాయ నోట్లో పెట్టుకుంటే కరిగిపోతాండాది. ఆ కారం, ఆ చెనిక్కాయల ముద్ద, నేను ఎనిమిది నెలల్లో అంత రుచిగా తిన్న్యే లేదు. నాలుగు రొట్టెలు తిన్యా, అయిదోది అడిగి తిన్యా. పందెం మాటే మర్చిపోతి. మా బావ ముందుగా లేచి, పెరట్లో కొళాయి కాడికి చెయ్యి కడుక్కునేదానికి పాయె, కుళ్ళాయప్ప గూడా ఎనకనే పాయె.

కుళ్ళాయమ్మ నా పక్కకు వంగి, గొంతు తగ్గించి చెప్పె.

"బాగుండెనా? కారం మన ఇంటి నెయ్యిలో ఏంచినా నాయనా. ఎవురికీ చెప్పద్దు."

నా చెయ్యి పళ్ళెంలోనే ఆగిపాయె.

"భయపడద్దు. ఇంటెనక ఉండేది నా ఆవే. రెండు చన్నులు దూడకు, రెండు చన్నులు మాకు. దూడ తాగినంకనే నేను కూచుంటా. పాపం లేని నెయ్యి అది. పెండ్లి పని మీద బయల్దేరినోనికి ఎండు కూడు పెట్టగూడదు నాయనా, నేను పెట్టలేను" అని నా తల మీద చెయ్యి పెట్టె.

ఆమె మీద కోప్పడేదెట్ల? మొగం చూస్తే, నాకు మేలు చేసినానని వెలిగిపోతాండాది. కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. పొద్దున నుండి మూడు హోటళ్ళు, ఒక అత్త, పరోటా బండి, బేకరీ, అందరి కాడా తప్పించుకోని వస్తి. నా కథ ఇని, నన్ను అర్థం చేసుకున్న ఒకే ఒక మనిషి చేతిలో ఓడిపోతి. ఎవురి మీద ఇసురుకోవల్ల ఆ కోపం?

మా బావ తువ్వాలతో చెయ్యి తుడుచుకుంటా లోపలికొచ్చె. నా పళ్ళెం చూసె. వంకాయ తొడిమెలు తప్ప ఏమీ లేదు. కుళ్ళాయమ్మను చూసె. ఆమె మొగం మాడలేదు.

"ఏమబ్బా బామ్మర్దీ, నిండిందా?"

నేను ఒక గుక్క నీళ్ళు తాగినా. నెయ్యి అని చెప్తే పందెం పాయె, దూడ పాయె. ముసిలామె ముందరే చెప్తే ఆమె మొగమూ మాడతాది. చెప్పకపోతే...

"నిండింది" అంటి.

"గెలిచినావు పో" అనె మా బావ.

అడిగినదానికి జవాబు చెప్పినా, అబద్ధం చెప్పల్యా. బస్సులో నాకు నేనే ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్న్యానో. కాశీకి పోయినానని చెప్పేదానికి పెనుకొండలో నోరు రాలేదు, ఈడ మాత్రం నోరు మూసుకునేదానికి భలే వచ్చింది. ఎనిమిది నెలల లెక్క వంకాయ కూరాకులో కలిసిపాయె. ముదిగుబ్బ దాటేదాకా నాలిక మీద ఆ రుచి పోలేదు. ఇంగా సిగ్గు ఏందంటే, ఆ రుచి నాకు బాగనే ఉండె.

ఈ మాట నిర్మలకు గూడా చెప్పల్యా ఇంతవరకు. ఇప్పుడు మూడు నెలలాయె, దూడ గడ్డి కొరుకుతాండాది, అందుకే రాస్తాండా. మా బావ చదివితే చదవనీ.

ధర్మవరం నుండి వచ్చిన మర్సటి దినం తాడు తీసుకోని పోతి. మా బావ మాట తప్పల్యా. కొట్టంలో దూడను ఇప్పి నా చేతికిచ్చె.

"పాలు?" అంటి.

"పాలేంది?"

"పదమూడు దినాల దూడ బావా. ఏం తాగల్ల?"

"పందెంలో దూడ ఉండె. పాలు లేవే? నా ఆవు పాలు డెయిరీకి పోతాయి. కావల్లంటే అందరి మాదిరే కొనుక్కో."

"వాళ్ళమ్మ పాలు నేను కొనుక్కోవల్లా?"

"వాళ్ళమ్మ నాది గదా."

దూడను తోలుకోని వస్తాంటే ఎనక ఆవు గుంజ పెరికేటట్ల లాగబట్టె. ఆ అరుపు మా ఇంటి దాకా ఇనపడె. రెండు దినాలు ఇనపడె. మా ఎర్రావు అప్పటికే వట్టిపోయుండె. ఊర్లో అందరూ నవ్వుతాండారు, పాలు మానినోడు రోజూ చెంబు తీసుకోని పాలకు పోతాండాడని. నేను సీసాకు రబ్బరు తగిలించి దూడ నోట్లో పెడతా ఉంటే, ఆ అరుపు ఇనపడినప్పుడంతా దూడ తాగేది ఇడ్సి చెవులు నిక్కబొడుచుకునేది. తల్లీబిడ్డను ఇడదీసింది ఇప్పుడు బ్యారగాడు కాదు, నేనే. దీని కోసరమేనా నేను ఆ నెయ్యి మింగింది అనిపిచ్చె.

మూడో దినం పొద్దున మా అక్క వసుంధర వచ్చె.

"తమ్ముడూ, దూడను తోలుకోని రా. ఆవు చేపడం లేదు. మీ బావ పాలు దిగే సూది గూడా ఏసినాడు, అయినా చేపల్యా. తన్ని బకెట్టు పగలగొట్టె."

"ఆయన రాల్యా?"

"ఆయనకు నామోషీ. నువ్వు రా."

పోతిమి. మా బావ కొత్త బకెట్టు పట్టుకోని కొట్టంలో నిలబడుండాడు. నన్ను చూడలేదు, గోడను చూస్తాండాడు. నేను తాడు ఒదులు చేస్తానే దూడ పోయి తల్లి పొదుగులో తలకాయ పెట్టె. ఆవు అరుపు ఆపి దాని తోక మొదలు నుండి నాకబట్టె. చెవుల దాకా నాకె. నురగ కారతాండాది దూడ మూతిలో.

"చాల్లే, లాగు" అనె మా బావ.

"ఇంగొంచేపు బావా."

"ఇంగొంచేపంటే నాకేం మిగుల్తాది?"

"రెండు చన్నులు దానికి. రెండు నీకు."

"ఏందిరా ఈ కొత్త లెక్క? యాడ నేర్చుకుంటివి?"

నెయ్యి మాట నాలిక చివర దాకా వచ్చె. చెప్పేస్తే బరువు దిగుతాదనిపిచ్చె. దూడ కడుపు చూస్తి, ఇంగా లోపలికే ఉండాది.

"యాడో ఒకచోట నేర్చుకుంటిలే. ఒప్పుకుంటే రెండు పూట్లా తోలుకోని వస్తా. లేకుంటే ఇప్పుడే తోలుకపోతా, నువ్వు సూదులు ఏసుకో."

"బెదిరిస్తాండావా?"

"ఔ."

మా బావ బకెట్టు కింద పెట్టి దూడ మెడ పట్టుకోని లాగె. నేను తాడు ఇంగో పక్కకు లాగితి. "ఇడువప్పా!" అంటాడు ఆయన, "నువ్వే ఇడువు!" అంటా నేను, మా అక్క ఇద్దర్నీ కలిపి తిడతాండాది. దూడ మాత్రం చన్ను ఇడవల్యా.